జంపర్ తీస్తే కనబడకుండా పోయిన పెళ్లిళ్లు: ఒక 1 టీబీ డ్రైవ్ కేసు

పరకాలలోని ఒక ఫొటో స్టూడియో నుంచి ఈ డ్రైవ్ నా దగ్గరికి హనుమకొండకు వచ్చింది. 1 టీబీ వెస్టర్న్ డిజిటల్ కేవియర్ గ్రీన్, మోడల్ నంబరు చివర ఈఏఆర్‌ఎస్ అని ఉన్న రకం. అందులో 2010 నుంచి 2014 దాకా ఆ స్టూడియో తీసిన పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, గృహప్రవేశాలు ఉన్నాయి. ఒరిజినల్ ఫొటోలు, కరిజ్మా ఆల్బమ్‌ల పీఎస్‌డీ ఫైళ్లు, మిక్సింగ్ చేసిన వీడియోలు అన్నీ అందులోనే. రెండో కాపీ లేదు. అందులో ఉన్న పెద్దమనుషుల్లో కొందరు ఇప్పుడు లేరు. దినాలు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి "అన్నా, మా నాయిన ఫొటో ఒకటి తీసియ్యి" అని అడుగుతారని యజమాని చెప్పాడు. ఆ మాట చాలు, ఈ డ్రైవ్ మీద ఎంత జాగ్రత్తగా పనిచేయాలో తెలియడానికి.

లక్షణం ఇదీ. కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ 10 మామూలుగానే వస్తుంది. డి డ్రైవ్ మాత్రం కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే "ఈ డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి" అని అడుగుతుంది. పరిమాణం మాత్రం సరిగ్గానే 931 జీబీ చూపిస్తుంది. యజమాని కొడుకు ఆ బాక్సులో క్యాన్సిల్ నొక్కి, మిషన్ ఆపేసి, డ్రైవ్ ఊడదీసి తెచ్చాడు. అతను చేసిన మొదటి మంచి పని అది. అంతకుముందు దగ్గర్లోని ఒక షాపులో చూపిస్తే, "ఫార్మాట్ కొట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ పెడదాం, వచ్చినకాడికి వస్తయి" అన్నారట. అక్కడ ఇవ్వకుండా వెనక్కి తేవడం రెండో మంచి పని.

ఆ సలహా ఎందుకు ప్రమాదమో ముందే చెబుతాను. ఫొటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్ ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే పద్దును, పట్టించుకోదు. జేపీఈజీ మొదలయ్యే గుర్తు ఎక్కడ కనబడితే అక్కడి నుంచి తవ్వి తీస్తుంది. ఫొటోలు వస్తాయి కానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు, తారీఖు వేసి పెట్టిన వందల ఫోల్డర్లు పోయి, నంబర్లు మాత్రమే పేర్లుగా ఉన్న లక్షల ఫైళ్లు ఒక కుప్పగా మిగులుతాయి. డిస్క్ మీద ముక్కలుగా పడ్డ పెద్ద వీడియో ఫైళ్లు చాలావరకు తెరుచుకోవు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడు చేయాల్సిన పని అది. మొదటి రోజే చేయాల్సింది కాదు.

పరీక్ష

డ్రైవ్‌ను లైనక్స్ మిషన్‌కు కట్టి, మొట్టమొదట బ్లాక్‌డెవ్ కమాండ్‌తో రీడ్ ఓన్లీ చేశాను. విండోస్‌కు కట్టలేదు. విండోస్ అడిగే ప్రశ్నకు ఎవరైనా పొరపాటున ఓకే నొక్కితే ఏమవుతుందో కిందికి వెళ్లాక అర్థమవుతుంది. స్మార్ట్ రిపోర్టు, అంటే డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క, శుభ్రంగా ఉంది. సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి. పాడై పక్కన పెట్టిన రీఅలొకేటెడ్ సెక్టార్లు సున్నా, చదవడానికి మొరాయించే పెండింగ్ సెక్టార్లు సున్నా. మోటారు చప్పుడు మామూలే. మొత్తం సెక్టార్లు 1,953,525,168, అంటే 1 టీబీ డ్రైవ్‌కు ఉండాల్సిన లెక్కే. ఈ డ్రైవ్‌కు దెబ్బ తగల్లేదు. ఉన్న సమాచారాన్ని మిషన్ సరైన చోట చదవడం లేదు, అంతే.

డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తి ఇమేజ్, అంటే డ్రైవ్ మొత్తానికి అచ్చు కాపీ, తీశాను. ఒక్క రీడ్ ఎర్రర్ కూడా రాలేదు. ఇక ఇమేజ్‌ను బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూశాను. సెక్టార్ 0 మొత్తం సున్నాలే. ఎమ్‌బీఆర్, అంటే డిస్క్‌ను ఏ భాగాలుగా విడదీశారో చెప్పే పార్టిషన్ పట్టిక, ఎప్పుడైనా సెక్టార్ 0లోనే ఉండాలి. వైరస్ చెరిపిందా, ఎవరైనా ఏదైనా టూల్ నడిపారా అన్న అనుమానం సహజంగానే వస్తుంది. కానీ పక్కనే ఉన్న సెక్టార్ 1 చూడగానే ఆ అనుమానం పోయింది. అక్కడ చక్కని ఎమ్‌బీఆర్ ఉంది, చివర 55 ఏఏ గుర్తుతో సహా. అందులో ఒక్కటే పార్టిషన్, రకం 07, మొదలు సెక్టార్ 63. సెక్టార్ 63కు వెళ్తే ఏమీ లేదు. 64లో మాత్రం విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్ నిక్షేపంగా ఉంది.

అంటే డిస్క్ మీద ఉన్నదంతా ఒక్క సెక్టార్ కిందికి జరిగి ఉంది. చొక్కాకు మొదటి గుండీ తప్పు కాజాలో పెడితే కింద దాకా అన్నీ తప్పినట్టు. ఇంత కచ్చితంగా, ఎక్కడా ఏమీ చెడకుండా, ఒక్క సెక్టార్ మాత్రమే జరపడం వైరస్ పని కాదు, పాడైన డ్రైవ్ పనీ కాదు. ఈఏఆర్‌ఎస్ మోడల్ చేతిలో ఉన్నప్పుడు అలా జరిపేది ఒక్కటే: 7, 8 పిన్నుల మీద పెట్టే జంపర్, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న ప్లాస్టిక్ టోపీ. డ్రైవ్ వెనక, దాన్ని మదర్‌బోర్డుకు కలిపే సాటా కనెక్టర్ పక్కనున్న ఆ పిన్నులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి.

స్టూడియోకు ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే పిల్లగాడు మాట్లాడాడు.

"దసరాకు ముందు దులిపినం సార్. ఆయుధ పూజకు అన్ని మిషన్లు ఇప్పి, బ్లోయర్ కొట్టి, మళ్ల బిగించిన. ఏం ముట్టలే."

"డ్రైవ్ వెనక చిన్న నల్ల జంపర్ ఉండెనా?"

"ఆ, ఉండె సార్. సాటాకు జంపర్ అక్కర్లేదు, పాత ఐడీఈకే కావాలె అని విన్న. దుమ్ము పట్టి ఉన్నదని తీసి డ్రాయర్ల పెట్టిన. ఉన్నది, తేవాల్నా?"

ఆ అబ్బాయిని తప్పుపట్టలేం. అతను విన్నది నూటికి తొంభై తొమ్మిది సందర్భాల్లో నిజమే. సాటాకు ముందున్న ఐడీఈ కాలంలో ఒకే కేబుల్ మీద రెండు డ్రైవ్‌లు ఉండేవి కాబట్టి ఏది మాస్టర్, ఏది స్లేవ్ అని జంపర్‌తో చెప్పాల్సి వచ్చేది. కేబుల్ సెలెక్ట్ అని పెడితే 28వ పిన్ను చూసుకుని డ్రైవ్‌లు వాటంతట అవే తేల్చుకునేవి. 80 తీగల కేబుల్‌లో చివరి నల్ల కనెక్టర్‌ది మాస్టర్, మధ్యలోని బూడిద రంగుది స్లేవ్. సాటాలో ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో కేబుల్, కాబట్టి ఆ గొడవ లేదు. జంపర్ అంటే మాస్టర్-స్లేవ్ అనే మాటే మన షాపుల్లో పాతుకుపోయింది. సాటా డ్రైవ్ మీది పిన్నులు పూర్తిగా వేరే పనులు చేస్తాయని నేర్పేవాళ్లు తక్కువ.

ఆ జంపర్ ఎందుకు పుట్టింది

2009 చివర్లో, 2010 మొదట్లో వెస్టర్న్ డిజిటల్ అడ్వాన్స్‌డ్ ఫార్మాట్ డ్రైవ్‌లను అమ్మడం మొదలుపెట్టింది. అప్పటిదాకా హార్డ్ డిస్క్ సెక్టార్ అంటే 512 బైట్లు. వీటిలో లోపల అసలు సెక్టార్ 4096 బైట్లు. పాత సాఫ్ట్‌వేర్ కోసం బయటికి మాత్రం 512 అనే చెబుతాయి. అంటే ఎనిమిది చిన్న సెక్టార్లు కలిస్తే ఒక పెద్ద సెక్టార్. విండోస్ విస్టా, 7 పార్టిషన్‌ను సెక్టార్ 2048 దగ్గర మొదలుపెడతాయి. 2048ని 8 భాగిస్తుంది, ఇబ్బంది లేదు. ఎక్స్‌పీ మాత్రం పాత లెక్క ప్రకారం 63 దగ్గర మొదలుపెడుతుంది. 63ని 8 భాగించదు.

అప్పుడు ఫైల్ సిస్టమ్ రాసే ప్రతి 4 కేబీ ముక్క రెండు పెద్ద సెక్టార్ల మీద అడ్డంగా పడుతుంది. డ్రైవ్ ముందు ఆ సెక్టార్లను చదివి, మార్చి, ప్లాటర్ ఇంకో చుట్టు తిరిగి వచ్చాక రాయాలి. 5400 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. చిన్న ఫైళ్లు ఎక్కువగా రాసే చోట ఇది స్పష్టంగా తెలుస్తుంది.

దీనికి కంపెనీ రెండు దారులు ఇచ్చింది. ఈ రెండు దారుల తేడాయే ఈ కేసుకు ప్రాణం. మొదటిది హార్డ్‌వేర్ దారి. ఎక్స్‌పీలో ఒకే పార్టిషన్ వేసుకునేవాళ్లు ఇన్‌స్టాల్ చేయకముందే 7, 8 పిన్నుల మీద జంపర్ పెట్టుకోవాలి. అప్పుడు డ్రైవ్ తనకు వచ్చిన ప్రతి అడ్రసుకూ ఒకటి కలుపుతుంది. మిషన్ 63 అంటే డ్రైవ్ 64కు వెళ్తుంది, లెక్క కుదురుతుంది. ఇలా కుదరడాన్నే అలైన్‌మెంట్ అంటారు. రెండోది సాఫ్ట్‌వేర్ దారి. వెస్టర్న్ డిజిటల్ అలైన్ అనే ప్రోగ్రామ్ పార్టిషన్‌నే జరిపి, కొత్త మొదలును పార్టిషన్ పట్టికలో రాసేస్తుంది. ఒకటికి మించి పార్టిషన్లు ఉంటే రెండో దారే పట్టాలి, ఎందుకంటే జంపర్ మొదటి పార్టిషన్‌ను సరిచేస్తుందే కానీ తర్వాతి వాటికి హామీ ఇవ్వలేదు.

పని ఒకటే. కానీ సెట్టింగ్ నిలిచే చోటు వేరు. సాఫ్ట్‌వేర్‌తో జరిపితే ఆ విషయం డేటాలోనే రాసి ఉంటుంది. డ్రైవ్‌ను ఏ మిషన్‌కు కట్టినా, ఎవరు చూసినా, పట్టిక "64" అనే చెబుతుంది. జంపర్‌తో జరిపితే పట్టిక "63" అంటుంది, నిజం 64, మధ్య ఉన్న ఆ ఒక్కటి ఒక చిన్న ప్లాస్టిక్ టోపీలో ఉంటుంది. డ్రైవ్ మీది లేబుల్‌లో సూచన ఉంటుంది కానీ, క్యాబినెట్‌లో బిగించాక లేబుల్ ఎవరికి కనబడుతుంది?

మరి 2010లో ఆ స్టూడియోకు ఎక్స్‌పీ వేసి జంపర్ పెట్టిన టెక్నీషియన్ తప్పు చేశాడా? లేదు. లేబుల్ మీద ఉన్నట్టే సరిగ్గా చేశాడు. తర్వాత ఎక్స్‌పీ మిషన్ పోయింది. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతూ ఆగింది. డ్రైవ్ కొత్త మిషన్‌లో రెండో డ్రైవ్‌గా చేరింది, జంపర్ అలాగే ఉండిపోయింది. పని చేస్తూనే ఉంది కాబట్టి అది ఎందుకుందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్లు లేరు. డబ్బా మీదగానీ, పుస్తకంలోగానీ ఒక్క వాక్యం రాసి పెట్టి ఉంటే ఈ డ్రైవ్ నా దాకా వచ్చేది కాదు.

ఇప్పుడు ఆ ఇనిషియలైజ్ బాక్సు సంగతి. జంపర్ లేనప్పుడు అసలు ఎమ్‌బీఆర్ ఉన్నది సెక్టార్ 1లో. విండోస్ అడిగినప్పుడు ఎమ్‌బీఆర్‌కు బదులు వచ్చిన కొత్త రకం పట్టిక జీపీటీని ఎంచుకుని ఓకే నొక్కి ఉంటే, జీపీటీ హెడర్ రాసేది సరిగ్గా సెక్టార్ 1లోనే. పాత పట్టిక మీద కొత్తది పడేది. 64 దగ్గరి ఎన్‌టీఎఫ్‌ఎస్ మిగిలేది కాబట్టి పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ ప్రోగ్రామ్‌తో పట్టుకోవచ్చు, కానీ జంపర్ తిరిగి పెట్టినంత మాత్రాన పని జరిగేది కాదు. ఆ తర్వాత కొత్త పార్టిషన్ వేసి ఫార్మాట్ కూడా కొట్టి ఉంటే కథ ఇంకా దూరం పోయేది. యజమాని కొడుకు నొక్కిన క్యాన్సిల్ విలువ అదీ.

మరమ్మతు

జంపర్ కోసం పరకాల నుంచి బస్సులో మనిషి వచ్చే దాకా ఆగక్కర్లేకపోయింది. జంపర్ చేసే పనిని ఇమేజ్ మీద సాఫ్ట్‌వేర్‌తో చేయొచ్చు. ఇమేజ్ ఫైలును డ్రైవ్‌లా చూపించే లూప్ డివైస్‌ను 512 బైట్ల ఆఫ్‌సెట్‌తో, రీడ్ ఓన్లీగా, పార్టిషన్ స్కాన్ పెట్టి ఏర్పాటు చేశాను. దాంతో ఇమేజ్‌లోని సెక్టార్ 1 మిషన్‌కు సెక్టార్ 0గా కనబడింది. పట్టిక 63 అన్నది, 63లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంది, మౌంట్ అయింది. ఫోల్డర్లన్నీ పేర్లతో సహా వచ్చాయి. పాత పెళ్లి ఫోల్డర్లు కొన్ని తెరిచి ఫొటోలు పైనుంచి కింది దాకా చూశాను. పెద్ద వీడియోలు కొన్ని చివరి దాకా నడిపించాను.

ఇమేజ్ మీద నిర్ధారణ అయ్యాకే అసలు డ్రైవ్ జోలికి వెళ్లాను. పవర్ ఆపి, 7, 8 పిన్నుల మీద జంపర్ పెట్టి, మళ్లీ రీడ్ ఓన్లీగా కడితే డ్రైవ్ మామూలుగా తెరుచుకుంది. పవర్ ఆపి అనడం ఎందుకంటే, డ్రైవ్ ఈ పిన్నులను స్టార్ట్ అయ్యేటప్పుడే చూసుకుంటుంది. నడుస్తుండగా పిన్నుల మీద చెయ్యి పెట్టడం ఎప్పుడూ మంచిది కాదు.

అక్కడితో ఆపేస్తే సమస్యను మరో దసరాకు వాయిదా వేసినట్టే. యజమానికి విషయమంతా చెప్పి, రెండు కొత్త డ్రైవ్‌లు తెప్పించి, డేటా మొత్తం రెండింటికీ కాపీ చేశాను. కాపీ తేడా లేకుండా వచ్చిందో లేదో తెలిపే చెక్‌సమ్‌లు పోల్చాను. ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో. పాత గ్రీన్ డ్రైవ్‌లోంచి జంపర్ తీసేసి, విండోస్ 10లో మొదటి నుంచి పార్టిషన్ వేశాను. ఇక్కడ జంపర్ తీయడం తప్పనిసరి. జంపర్ ఉండగా కొత్త విండోస్‌లో పార్టిషన్ వేస్తే, 2048 కాస్తా లోపల 2049 అవుతుంది. ఎక్స్‌పీ కోసం అలైన్‌మెంట్ సరిచేసిన ఆ టోపీయే అప్పుడు అలైన్‌మెంట్‌ను చెడగొడుతుంది. ఇంకో మాట, తొలినాటి ఈఏఆర్‌ఎస్ డ్రైవ్‌లలో కొన్ని తమ ఫిజికల్ సెక్టార్ కూడా 512 అనే సాఫ్ట్‌వేర్‌కు చెబుతాయి. లైనక్స్‌లో డ్రైవ్ వివరాలు చూపించే హెచ్‌డీపార్మ్ రిపోర్టు ఒక్కటే నమ్మకుండా మోడల్ నంబరు కూడా చూడాలి.

అదే స్టూడియోలో రెండో మిషన్

డ్రైవ్ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు, వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ నడిచే మిక్సింగ్ మిషన్ కూడా ఆ దులుపుడు నాటి నుంచే బూట్ కావడం లేదని చూపించారు. విండోస్ 7 లోగో వస్తుంది, వెంటనే బ్లూ స్క్రీన్, కోడ్ 0x0000007బీ. బూట్ డ్రైవ్ అందడం లేదని దాని అర్థం. ఇక్కడ డ్రైవ్‌ను ఎవరూ ముట్టలేదు. పవర్ వైరు మాత్రం చాలాసేపు పీకేసి ఉంది. మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ మీటరుతో చూస్తే 3 వోల్టులకు బాగా కింద ఉంది. సెల్ పోయింది కాబట్టి బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వచ్చాయి. ఆ బోర్డు డిఫాల్ట్‌గా సాటా మోడ్‌ను, అంటే డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతిని, ఏహెచ్‌సీఐ అంటుంది. విండోస్ ఏమో పాత పద్ధతి అయిన ఐడీఈ మోడ్‌లో వేసి ఉంది. డ్రైవర్ లేకుండా బూట్ ఎట్లా అవుతుంది?

సెల్ మార్చి, మోడ్‌ను ఐడీఈకి పెడితే మిషన్ లేచింది. తర్వాత ఏహెచ్‌సీఐ డ్రైవర్ బూట్‌లోనే లేచేలా రిజిస్ట్రీలో ఎమ్ఎస్ఏహెచ్‌సీఐ సర్వీస్ స్టార్ట్ విలువను 0 చేసి, బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చాను. ఇక సెల్ మళ్లీ పోయి డిఫాల్ట్‌కు వచ్చినా ఈ మిషన్ ఆగదు.

ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడమని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతుంటాను. మొదటి దాంట్లో సెట్టింగ్ డ్రైవ్‌తో పాటు కదిలింది. ఏ మిషన్‌కు కట్టినా జంపర్ ఉంటే చదివేది, లేకపోతే చదివేది కాదు. రెండో దాంట్లో సెట్టింగ్ బోర్డులో ఉండిపోయింది. అదే డ్రైవ్‌ను ఐడీఈ మోడ్‌లో ఉన్న వేరే మిషన్‌లో పెడితే ఈ ఎర్రర్ రాకపోవచ్చు. మూడో రకం కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌తో మార్చినా డ్రైవ్ లోపలి సొంత సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లో నిలిచిపోయేవి. గ్రీన్ డ్రైవ్‌లు 8 సెకన్లు ఖాళీగా ఉంటే హెడ్‌ను పార్క్ చేస్తాయి. డబ్ల్యూడీఐడిల్3 అనే డాస్ ప్రోగ్రామ్‌తో ఆ సమయాన్ని మారిస్తే, ఆ మార్పు డ్రైవ్ ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది, బయటికి మాత్రం కంటికి కనబడదు. పవర్ అప్ ఇన్ స్టాండ్‌బై అనే ఒకే సదుపాయాన్ని జంపర్‌తోనూ పెట్టొచ్చు, హెచ్‌డీపార్మ్‌తోనూ పెట్టొచ్చు. అది ఉంటే డ్రైవ్ తనంతట తాను తిరగదు, మామూలు డెస్క్‌టాప్ బోర్డు దాన్ని చచ్చిన డ్రైవ్ అనుకునే అవకాశం ఉంది. కాబట్టి తిరగని డ్రైవ్ రాగానే బోర్డు పోయిందని తేల్చేయకుండా ముందు 3, 4 పిన్నులు చూడాలి.

హార్డ్‌వేర్ స్విచ్ మంచిదా, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ మంచిదా అని నన్ను అడిగితే, పనిని బట్టి గట్టిగానే చెబుతాను. డేటా అర్థాన్ని మార్చే సెట్టింగ్ అయితే అది డేటాలోనే, పట్టికలోనే ఉండాలి. ఈ జంపర్ ఆ పరీక్షలో తప్పింది. రాయకుండా ఆపే తాళం అయితే హార్డ్‌వేర్‌లోనే ఉండాలి, ఎందుకంటే వైరస్ రిజిస్ట్రీ విలువను మార్చగలదు కానీ స్విచ్‌ను కదపలేదు. సాక్ష్యంగా వాడే డ్రైవ్‌లను చదివేవాళ్లు రైట్ బ్లాకర్ అనే పరికరాన్ని మధ్యలో పెట్టేది అందుకే.

స్విచ్ ఉన్నంత మాత్రాన హార్డ్‌వేర్ తాళం ఉన్నట్టు కాదు, ఇది కెమెరా వాళ్లకు ముఖ్యం. ఎస్‌డీ కార్డు పక్కనున్న లాక్ మీట గురించి కార్డు లోపలి చిప్‌కు ఏమీ తెలియదు. ఆ మీట ఎక్కడుందో చూసి రాయకుండా ఆగాల్సింది రీడర్, లేదా కెమెరా. గమనించని రీడర్ లాక్ ఉన్నా రాసేస్తుంది. ముహూర్తం ఫొటోలున్న కార్డును లాక్ చేశాను కదా అని ఎవరి మిషన్‌లోనో పెట్టొద్దని స్టూడియో వాళ్లకు మీట చూపించి మరీ చెప్పాను.

చివరగా అక్కడున్న మిగతా డ్రైవ్‌లన్నీ బయటికి తీయించి పిన్నులు చూశాం. ఇంకొక వెస్టర్న్ డిజిటల్ డ్రైవ్‌కు జంపర్ ఉంది, అయితే 5, 6 పిన్నుల మీద. అది వేగాన్ని 1.5 గిగాబిట్లకు కట్టేసేది, పాత బోర్డుల కోసం. దానికీ అడ్రసులకూ సంబంధం లేదు. అయినా ముందు కాపీ తీసి, తర్వాతే జంపర్ తీశాం. డ్రైవ్ 3 గిగాబిట్ల దగ్గర కలిసింది, ఫైళ్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ప్రతి డ్రైవ్ పైభాగాన ఒక స్టిక్కర్ అంటించి, జంపర్ ఉందా లేదా, ఉంటే ఏ పిన్నులు, ఎందుకు, పార్టిషన్ ఏ సెక్టార్‌లో మొదలు అన్నది ఆ పిల్లగాడి చేతనే తెలుగులో రాయించాను.